పిరికి విజిట్

మా సారు చేయి చేసుకునే ముందు చేతి వాచీ విప్పి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. కోపంలో ఒళ్ళు తెలియక కొట్టాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒళ్ళు తెలియనివాడికి వాచీ సంగతి గుర్తుండదు. ఆ స్టీలు గొలుసు ఫ్రిజ్ రేకు మీద టక్కుమనగానే అమ్మ స్టవ్ ఆపేసేది. పాప పుస్తకం మూసేసేది. నేను నడవాలో ఉన్న చెప్పులు గోడవైపు తోసేదాన్ని, పరుగెత్తేటప్పుడు ఎవరి కాళ్ళకూ తగలకుండా. ఎవరి పని వాళ్ళకు అలవాటైపోయింది.

అది మస్కట్‌లోని దార్సైట్. కుటుంబాలు ఉండే ఫ్లాట్లు, మూడో అంతస్తు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎండకు మాడిన రాతికొండలు, ఎదురింటి ఏసీ డబ్బాలు తప్ప ఇంకేమీ కనపడవు. నేను కడప జిల్లా నుంచి ఇంటిపని వీసా మీద వచ్చాను. సారూ, ఆయన భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడా, గోదావరి వైపువాళ్ళు. సారు రుసైల్‌లో ఒక కంపెనీ గోడౌనుకు ఇన్‌ఛార్జి. ఒంటిగంటకు భోజనానికి వచ్చి, మూడున్నరకు మళ్ళీ డ్యూటీకి పోయేవాడు. మా ఇంట్లో ఏం జరిగినా ఆ రెండున్నర గంటల్లోనే జరిగేది. పాప వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. నేను చేరినప్పుడు ఏడో తరగతి. ఈ సంగతి మొదలైనప్పుడు పదకొండు.

నేను రెండో తరగతితో బడి మానేశాను. నా పేరు రాయగలను, బస్సు మీద నంబరు చదవగలను, అంతే. కానీ ఒకసారి చెవిన పడిన మాట నన్ను వదిలిపోదు. తేదీలు తెలియవు కాబట్టి రోజుల్ని వంటతో గుర్తుపెట్టుకుంటాను. నా చేయి విరిగింది గుత్తివంకాయ వండిన రోజు.

ఆ మధ్యాహ్నం పాప అర్ధసంవత్సరం మార్కుల కార్డు తెచ్చింది. సారు కంచం ముందు కూర్చుని ఎడమచేత్తో దాన్ని తెరిచాడు.

"ఫిజిక్స్‌లో నలభై రెండా? ఈ మార్కులకి మెడిసిన్ సీటు ఎవడిస్తాడే? నీ బాబిస్తాడా?"

ఆ పిల్లకు నోరు ఆగదు. "మా బాబు మీరే కదా నాన్నా," అంది.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, భయానికో నాకు తెలియదు. సారు లేచి చేయి కడుక్కున్నాడు. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. వాచీ విప్పాడు.

బెల్టు మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మెడ మీద. నాకు దెబ్బలు కొత్త కాదు, మా ఇంటాయన బతికున్నన్నాళ్ళూ తిన్నదాన్నే. కానీ పిల్ల ఒంటి మీద పడే దెబ్బ చప్పుడే వేరు, అది పక్కనున్నవాళ్ళ కడుపులో పడుతుంది. మూడోది లేస్తుంటే బెల్టును గాల్లోనే పట్టుకున్నాను.

"చాల్లే సార్, బిడ్డ సచ్చిపోతాది," అన్నాను.

ఆయన బెల్టు వదిలేసి నా చేయి పట్టుకున్నాడు. వెనక్కి తిప్పాడు. ఎంత నిదానంగా తిప్పాడంటే, ఇక్కడితో ఆపుతాడులే, ఇక్కడితో ఆపుతాడులే అని నేను రెండుసార్లు అనుకున్నాను. ఎండిన కందికట్టె విరిచినట్టు లోపల చప్పుడైంది. ఆ చప్పుడు నలుగురమూ విన్నాం. సారు ఫ్రిజ్ దగ్గరికి పోయి వాచీ పెట్టుకున్నాడు. టైం చూసుకున్నాడు.

తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. "బాత్రూములో జారిపడ్డావు. అర్థమైందా?" అన్నాడు అద్దంలో నా వైపు చూస్తూ. అమ్మ నా పక్కన కూర్చుని చెవిలో గుసగుసలాడింది. "నీ పాస్‌పోర్టు, వీసా అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయే. మాట జారకు."

"జారింది బాత్రూములో కదమ్మా. మాట యాడ జారతాది," అన్నాను. అంత నొప్పిలోనూ ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

చేయి కట్టి ఆరువారాలు మెడకు వేలాడదీశారు. కట్టు విప్పాక చూస్తే చేయి నాది కానట్టు ఉంది. భుజం బిగుసుకుపోయింది. దువ్వెన తలదాకా పోదు, జాకెట్టు వెనక హుక్కు అందదు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి రాకపోతే ఈ చేయి ఇంతే అని డాక్టరు చెప్పాడు.

"చెయ్యి లేని పనిమనిషిని పెట్టుకుని నేనేం చేసుకోను? తీసుకెళ్ళండి," అన్నాడు సారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. నాకు ఏదీ రాదు. అందుకని బడి వదిలాక పాప నన్ను టాక్సీలో తీసుకుపోయేది. ఆ గదిలోకి పాప అడుగుపెట్టడానికి కారణం వాళ్ళ నాన్న తిప్పిన నా చేయి. ఇది నేను చాలాసార్లు తలుచుకున్నాను.

అక్కడ చేయి చూసే ఆవిడ కేరళ మనిషి. తెల్లకోటు, కింద పరుగుపందెం పిల్లలు వేసుకునేలాంటి బూట్లు. సగం ఇంగ్లీషు, సగం హిందీ మాట్లాడేది. నేను "సిస్టర్" అని పిలిస్తే వేలు ఊపేది, తను నర్సు కాదని. "డాక్టరమ్మా" అంటే దానికీ వేలు ఊపేది. మరి ఏమని పిలవాలో నాకు తోచేది కాదు. చివరికి పాప చూసి, "టీచర్ అను అక్కా, నీకు చెయ్యెత్తడం నేర్పుతోంది కదా," అంది. అలా ఆవిడ నాకు టీచరు.

మొదటి రోజే టీచరు నా ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఏదో చెప్పింది. పాప తెలుగులో చెప్పబోయి ఆగిపోయింది.

"ఏమంటాండాది పాపా?"

"ఏం లేదక్కా."

ఏం లేకుండా ఎలా ఉంటుంది? టీచరు పక్కనున్న తువ్వాలు తీసుకుని నా కళ్ళముందే బట్టలు పిండినట్టు మెలితిప్పి చూపించింది. బాత్రూములో పడితే ఎముక అడ్డంగా విరుగుతుందట, ఇలా మెలికపడి విరగదట, తర్వాత టాక్సీలో పాప చెప్పింది. పాప నేలవైపు చూస్తూ ఉంది. దాని మెడ మీద బెల్టు వాత ఇంకా పూర్తిగా పోలేదు. టీచరు దాన్నీ చూసింది.  నా కాగితం మీద ఏదో రాసుకుంది.

తర్వాత పనిలోకి దింపింది. వేడి సంచీ భుజం మీద పెట్టడం, బల్ల మీదికి వంగి చేతిని బావిలో చేదలా ఊపడం, గోడ మీద వేళ్ళను చీమల్లా నడిపిస్తూ పైకి పోవడం. నొప్పికి నేను అరిచేదాన్ని. ఆమె నా భుజాన్ని పట్టుకునే తీరు చూసి పాప ఆశ్చర్యపోయేది. అవే మనిషి చేతులు. సారు పట్టిన చోటే పట్టుకుంటాయి, ఆయన తిప్పినవైపే తిప్పుతాయి. కానీ నా ముఖం చూస్తూ తిప్పుతాయి. నొప్పి మొదలైన చోట ఆగి, అక్కడ నిలబడి, ఇంకొక వెంట్రుకంత ముందుకు పోతాయి.

ప్రతిసారీ చివర్లో రెండు ఆకుల కొలబద్ద ఒకటి నా చంకకు ఆనించి కొలిచేది. పాప జామెట్రీ బాక్సులో ఉండేదానికి పెద్దక్కలా ఉండేది అది.

"నలభై డిగ్రీలు వచ్చాయక్కా ఇవాళ!"

"రెండో తరగతి తప్పినదాన్ని. నలభై డిగ్రీలు ఏం చేసుకోను పాపా?"

పాప ఆ మాట టీచరుకు చెప్తే ఆమె కూడా పడిపడి నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు పోయినా, "మేడమ్‌కి ఎన్ని డిగ్రీలు?" అని ఎగతాళి చేసేది.

ఇంట్లో వంటింటి గోడ మీద, ఫ్రిజ్ పక్కనే, నా వేళ్ళు ఎంతదాకా పోతే అక్కడ పాప పెన్సిలుతో గీత గీసేది. మొదటి గీత నా రొమ్ము ఎత్తున ఉంది. ఫ్రిజ్ పైభాగం దానికి మూరెడు మీద. "అక్కడిదాకా పోవాలి అక్కా," అనేది.

ఈలోగా పాప మారిపోయింది. గీతలు గీయడం, ఎముకల పేర్లు రాసుకోవడం. ఫిజిక్స్‌లో నలభై రెండు తెచ్చుకున్న పిల్ల, నా చేయి ఎత్తడానికి ఎంత బరువు ఎక్కడ పడుతుందో కాగితం మీద లెక్క వేసి టీచరుకు చూపించేది. నేను బెండకాయ వేపుడు చేసిన రోజు, ధైర్యం చేసి టీచర్ని అడిగింది, మీ చదువు ఎలా చదవాలని. టీచరు బల్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే చెప్పింది. పాప ప్రతిదీ తెలుగులో పైకి అనుకుంటూ ఎర్ర అట్ట నోటుపుస్తకంలో రాసుకుంది. నేను చేయి ఊపుతూ విన్నాను.

పన్నెండో తరగతిలో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ ఉండాలి. తర్వాత ఇండియాలో నాలుగేళ్ళు డిగ్రీ, ఆపైన ఆరునెలలు ఆసుపత్రిలో పని. దాంతో టీచరు లాంటి ఉద్యోగం వస్తుంది. అక్కడితో ఆగక్కర్లేదట. ఈ చదువులోనే డాక్టరు అనిపించుకునే పెద్ద చదువు అమెరికాలో కొత్తగా పెడుతున్నారట. దానికి పోవాలంటే మనం చదివినదాన్ని వాళ్ళు తూకం వేసి చూస్తారు. తక్కువపడినవి ఏవైనా ఉంటే ముందు పూర్తి చేయాలి. ఇంకొకటి, ఆసుపత్రిలో పక్కన నిలబడి ఇన్ని గంటలు చూశానని ఎవరైనా రాసి సంతకం పెట్టాలి.

"ఇప్పుడు చూస్తున్నవి కూడా గంటలేనా?" అంది పాప.

"ఇవీ గంటలే. మొదటి రోజు నుంచీ అన్నీ రాసిపెట్టుకో. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా," అంది టీచరు. ఆ రోజు నుంచి ఎర్ర పుస్తకం వెనక పేజీలో ప్రతిసారీ గంటలు రాయడం, టీచరు పక్కన సంతకం గీయడం.

అన్నీ విన్నాను, అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఒక్క మాట దగ్గరే నా చెవి మోసం చేసింది. తక్కువపడినవి ముందు పూర్తి చేయాలని చెప్పేటప్పుడు ఇద్దరూ ఒక ఇంగ్లీషు మాట పదేపదే అన్నారు. నాకది "పిరికి విజిట్" అని వినపడింది. గల్ఫులో విజిట్ అంటే తెలియనిదెవరికి? వీసాల్లో అన్నిటికన్నా భయం పుట్టించేది విజిట్ వీసా. దాని మీద వచ్చి తిరిగిపోనివాళ్ళు, పోలీసులను చూసి సందుల్లో దూరేవాళ్ళు ఎందరు లేరు. పిరికివాళ్ళ వీసా కాబట్టి పిరికి విజిట్ అన్నారనుకున్నాను. పాప పెద్ద చదువుకు పోవాలంటే ముందు ఆ దొంగ వీసా మీద పోవాలి కాబోలని భయం పట్టుకుంది. పాపను అడగడానికి నోరు రాలేదు. అడగాల్సిన మనిషిని వదిలి, అడగకూడని మనిషిని అడిగాను.

కంపెనీ పికప్ తోలే అతను ఒకడు వారానికోసారి మాకు మంచినీళ్ళ క్యాన్లు తెచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు గానీ మంచివాడు.

"ఏందక్కా, చెయ్యి ఎట్లున్నది? లేస్తున్నదా?"

"లేస్తాండాది గానీ అన్నా, ఒక మాట చెప్పు. అమెరికాకు విజిట్ మీద పోయి చదువుకోవచ్చునా?"

"ఎవ్వలు పోతున్నరు?"

"పాప. ఎవురితోనూ అనాకు."

అతను క్యాను దించి చెమట తుడుచుకున్నాడు. "విజిట్ మీద పోతే ఆగమైతరు అక్కా. మా ఊరోడు గట్లనే వచ్చి మూడేండ్లు కల్లివల్లి గాడు. దొరికితే లోపలేసి, ఎన్కకు తోలిన్రు." కాగితాలు లేకుండా తిరిగేవాళ్ళను అక్కడ కల్లివల్లి అంటారు. 

అతను ఎవరితోనూ అనలేదు, సారుతో తప్ప. చాడీ చెప్పాలని కాదు. పాప చెడిపోకూడదని, గోడౌన్లో అందరిముందూ, "సార్, పాపను విజిట్ మీద అమెరికా తోలుతున్నరట. పైలం సార్," అన్నాడట.

ఆ రోజు సొరకాయ పులుసు. సారు ఒంటిగంట కాకుండానే వచ్చాడు. కంచం దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే వాచీ విప్పడం మొదలుపెట్టి, ఫ్రిజ్ దాకా నడిచి, దాని మీద పెట్టాడు.

"పారిపోదామనే! విజిట్ మీద! ఎవడున్నాడే అక్కడ నీకు?"

పాపకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాని ఆ ముఖం చూసి నటిస్తోందనుకున్నాడు. జడ పట్టుకుని గోడకు కొట్టాడు. పడిపోతే లేపి మళ్ళీ కొట్టాడు. అమ్మ అడ్డం పోతే చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆమె స్టవ్ మీద పడి, పులుసు గిన్నె బోర్లాపడి, మోచేయి కాలింది. నేను నా మంచి చేత్తో ఆయన చొక్కా పట్టుకు లాగితే, మోకాలితో నా కడుపులో పొడిచాడు. నేలమీద పడి ఊపిరి అందక చూస్తున్నాను. పాప పెదవి చీలి, గచ్చు మీద రక్తం. రక్తంలో చిన్న తెల్లటి ముక్క. పన్ను.

తర్వాత పాప సంచీ కుమ్మరించాడు. ఎర్ర అట్ట పుస్తకం దొరికింది. తిరగేసి చదివాడు.

"ఫిజియోథెరపీయా? డాక్టర్ చదవమంటే ఒళ్ళు పట్టే చదువు చదువుతావా? సెలూన్లో కూడా పడతారే ఒళ్ళు, డిగ్రీ అక్కర్లేదు దానికి!"

ఒక్కొక్క పేజీ చింపాడు. గంటల పేజీని నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేశాడు. ముక్కలన్నీ పోగేసి బాత్రూములో వేసి నీళ్ళు వదిలాడు. మూడున్నరకు వాచీ పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

అమ్మ చేతికి చల్లనీళ్ళు పోసి, పాప నోటికి ఐసుముక్క పెట్టి కూర్చున్నాను. "విజిట్ అంటాడేంటక్కా నాన్న? నేను ఎక్కడికి పోతానన్నాను?" అంది పాప, వాచిన నోటితో.

చెప్పేశాను. దాచలేకపోయాను. "నీ పెద్దచదువుకు ముందు పిరికి విజిట్ మీద పోవల్లన్నారు కదా పాపా. భయపడి నీళ్ళాయన్ను అడిగినా. నా వల్లే ఇదంతా."

పాప నన్నే చూసింది. "పిరికి విజిట్టా?" అంది. "ప్రీరిక్విజిట్ అక్కా అది! ముందుగా చదవాల్సిన పాఠాలు!"

"నేనూ అదే కదా అంటాండా. పిరికి విజిట్."

పాప నవ్వింది. నవ్వితే పెదవి మళ్ళీ చీలింది, రక్తం గడ్డం మీదికి కారింది, అయినా ఆపుకోలేకపోయింది. ఊడిన పన్ను సందు కనపడుతూ నవ్వుతున్న ఆ పిల్లను చూసి నాకు ఏడుపు ఆగలేదు. నా జన్మలో నేను చేసిన తప్పుల్లో అంత పెద్దది లేదు. దానికి ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ నొప్పి.

మర్నాడు అమ్మ బీరువాలోంచి కొత్త నోటుపుస్తకం తీసి పాప చేతిలో పెట్టింది. "రాసుకో," అంది, అంతే. పాప పెన్ను పట్టుకుని, "అన్నీ పోయాయమ్మా. గంటలు ఏ రోజు ఎన్నో కూడా గుర్తులేవు," అంది.

"నాకుండాయి," అన్నాను.

బీరకాయ పప్పు రోజు, మొదటిసారి, గంట. చేపల పులుసు రోజు గంటన్నర, ఆ రోజు టీచరు చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు. పప్పుచారు రోజు మనం ఆలస్యంగా పోతే అరగంటే దొరికింది, కొలబద్ద యాభై ఐదు చూపించింది. అలా వరుసగా ఇరవై మూడుసార్లు చెప్పాను. పాప రాసింది. అమ్మ ఏ వంట ఏ వారం చేశామో కలిపి, గోడ మీది క్యాలెండరు చూసి తేదీలు చెప్పింది. తర్వాత చదువు దారి మొత్తం, బయాలజీ నుంచి డాక్టరు దాకా, ఒక్క మెట్టూ తప్పకుండా అప్పగించాను. పిరికి విజిట్ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురమూ ఆగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

టీచరు తన రిజిస్టరు తీసి ఒక్కొక్క రోజూ సరిచూసింది. అన్నీ సరిపోయాయి. కింద సంతకం పెట్టి ఆసుపత్రి ముద్ర వేసింది. పాప నోరు చూసి, "బాత్రూమా?" అని మాత్రం అడిగింది.

ఏడాది గడిచింది. పాప పన్నెండో తరగతి పాసైంది. మెడిసిన్ సీటు రాలేదు. సారు పాపను విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగులో పడేయాలని నిశ్చయించాడు, మెడిసిన్ వచ్చేదాకా ఎన్నేళ్ళయినా. పాప మాత్రం ఫిజియోథెరపీ కాలేజీ ఫారం తెప్పించుకుంది. దానికి తండ్రి సంతకం కావాలి, ఆయన ఇక్కడ పనిచేస్తున్నట్టు కంపెనీ కాగితం కావాలి. అవి లేకపోతే ఆ ఫారం చిత్తుకాగితమే. ఆఖరి తేదీకి నాలుగు రోజులున్నాయి.

గుత్తివంకాయే వండాను ఆ రోజు. కావాలనే వండాను. పాప ఫారం బల్ల మీద, కంచం పక్కన పెట్టింది. సారు తిన్నంతసేపూ దానివైపు చూడలేదు. తిని, చేయి కడుక్కుని, వేళ్ళు తుడుచుకుని, అప్పుడు చదివాడు.

"చెప్పింది బుర్రకెక్కలేదన్నమాట," అన్నాడు.

వాచీ విప్పాడు. ఫ్రిజ్ మీద టక్కుమంది.

నేను ఫ్రిజ్ దగ్గరే నిలబడి ఉన్నాను. నా పక్కన గోడ మీద పెన్సిలు గీతలు. ఆఖరి గీత ఫ్రిజ్ పైభాగానికి నాలుగు వేళ్ళు కింద ఆగిపోయి రెండు నెలలైంది. నా కుడిచేయి ఎత్తాను. నొప్పి మొదలైన చోట ఆగాను. అక్కడ నిలబడ్డాను. ఇంకొక వెంట్రుకంత, ఇంకొక వెంట్రుకంత. వేళ్ళకు స్టీలు గొలుసు తగిలింది. వాచీ తీసి ఆయన ముందు పట్టుకున్నాను.

"పెట్టుకోండి సార్."

ఆయన నా చేతివైపు చూశాడు. ఆ చేయి అంతెత్తు లేస్తుందని ఆయనకు తెలియదు. చాచి నా చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమంది. వాచీ వదల్లేదు.

"పెట్టుకోండి. బాత్రూములో జారినానని ఆసుపత్రిలో చెప్పింది నేనే. ఆ మాట మార్చేదీ నేనే. అక్కడ నా ఎముక బొమ్మ ఉండాది. మెలికతిరిగి విరిగిందని టీచరు అప్పుడే రాసిపెట్టింది."

"నీ వీసా ఎవడి చేతిలో ఉందో తెలుసా?"

"తెలుసు సార్. క్యాన్సిల్ కొట్టి పంపించండి. పొయ్యే ముందు ఆసుపత్రికి పోయి చెప్పిపోతా."

రెండోసారి చేయి లేచింది. అప్పుడు మా వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషికి ఎదురుచెప్పి ఎరగదు. కాలిన మచ్చ ఉన్న మోచేయి బల్ల మీద ఆనించి, కూర్చునే చెప్పింది.

"సంతకం పెట్టండి. లేకపోతే దానితో నేనూ వెళ్ళి చెప్తాను. నాది కూడా చూపిస్తాను. పాప పన్ను సంగతి కూడా."

 పాప ఫారం వైపే చూస్తోంది. సారు మమ్మల్ని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. అంతమంది ఆడవాళ్ళు తన ఇంట్లో ఉన్నారని అప్పుడే తెలిసినట్టు చూశాడు. చివరికి నా చేతిలోంచి వాచీ లాక్కుని మణికట్టుకు పెట్టుకున్నాడు. పెన్ను ఎంత నొక్కి పెట్టాడంటే సంతకం చివర కాగితం చిరిగింది. పాప దాన్ని అన్నం మెతుకుతో వెనకనుంచి అతికించింది. కంపెనీ కాగితం మర్నాడు మధ్యాహ్నం తెచ్చి ఫ్రిజ్ మీద పడేశాడు.

పదిహేను రోజులకు నా వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టాడు. అది నేను అనుకున్నదే. ఆసుపత్రిలో మాట మార్చలేదు. పాప విమానం ఎక్కేదాకా అమ్మ ఆ ఇంట్లోనే ఉండాలి కదా. టీచరుకు మాత్రం పోయి చెప్పి వచ్చాను, పాపకు దారి దొరికిందని. కొలబద్ద పెట్టి ఆఖరిసారి కొలిచింది. "నూట ముప్ఫై. మేడమ్, ఇంక మీకు చదువు చాలు," అంది.

ఆ తర్వాత ఎన్నేళ్ళకో మా ఊరికి పాప ఉత్తరం వచ్చింది. మా వీధిలో కాలేజీ చదివే పిల్ల ఒకతె చదివి పెట్టింది. నాలుగున్నరేళ్ళ చదువు అయిపోయిందట. ఎముకలు విరిగినవాళ్ళ వార్డులో పని చేస్తోందట. అమ్మ తన దగ్గరికే వచ్చేసిందట, తిరిగి పోనని చెప్పిందట. పెద్దచదువుకు రాసిందట, వాళ్ళు తూకం వేశారట.

చదివే పిల్ల ఒకచోట ఆగి కాగితం దగ్గరికి తెచ్చుకుంది. "ఇక్కడేందో తప్పు రాసినట్టుండాది అవ్వా. 'ఇంక రెండు పిరికి విజిట్లు మిగిలాయి అక్కా' అని ఉండాది. పిరికి విజిట్లేంది?"

"తప్పు కాదు. సరిగ్గానే రాసింది. నువ్వు చదువు."

"'నీ చెయ్యి ఇప్పుడు ఎంతదాకా లేస్తోంది? డిగ్రీల్లో చెప్పు' అని అడిగింది."

నేను లేచి గోడ దగ్గరికి పోయి వేళ్ళు నడిపించుకుంటూ చేయి ఎత్తాను. పొద్దున వేళ కొంచెం బిగుసుకుని ఉంటుంది, సాయంత్రానికి సాగుతుంది. గోడ దాటి, దూలానికి కట్టిన ఉట్టి తాడు వేళ్ళకు తగిలింది.

"డిగ్రీలు నాకు తెల్దు," అన్నాను ఆ పిల్లతో. "ఉట్టి దాకా పోతాండాదని రాయి."